నాయకుడి సంగతి వంటింటికి తెలుస్తుంది

మంచి సంఘ నాయకుడంటే ఎలా ఉండాలండీ అని మా చోడవరంలో ఎవర్ని అడిగినా మొదట వచ్చే మాట ఒకటే: "వాక్యం బాగా చెప్పాలి." ఆ తర్వాత గొంతు బాగుండాలి, పాటలు బాగా పాడించాలి, మీటింగు పెడితే జనం రావాలి. ఇవన్నీ మంచివే, కాదనను. కానీ బైబిలు నాయకుడికి పెట్టిన పరీక్ష ఇది కాదు. ఈ మాట ఇంట్లో అంటే "నీకెందుకే ఇవన్నీ" అన్నారు. నాకెందుకో ఇక్కడ రాస్తున్నాను.

తిమోతికి రాసిన మొదటి పత్రిక మూడో అధ్యాయం మనందరం చదివిందే. సంఘాధ్యక్షుడికి ఉండాల్సిన గుణాలు పౌలు వరసగా చెప్తాడు. ఈసారి వేళ్ళమీద లెక్కపెడుతూ చదవండి. వేదిక మీద పనికొచ్చేది ఒక్కటే, బోధించగలగడం. మిగతావి చూడండి. తాగుబోతు కాకూడదు, కొట్టేవాడు కాకూడదు, జగడాలమారి కాకూడదు, డబ్బు మీద ఆశ ఉండకూడదు, అతిథుల్ని ఆదరించాలి, ఇంటిని చక్కగా నడుపుకోవాలి, బయటివాళ్ళ దగ్గర మంచిపేరుండాలి. వీటిలో ఏ ఒక్కటీ ఆదివారం పదకొండింటికి మైకు ముందు కనబడదు. చెయ్యి చేసుకునేవాడో కాదో ఆ ఇంటి గోడలకి తెలుస్తుంది. అప్పు పెట్టి ఎగ్గొట్టేవాడో కాదో కిరాణా కొట్టాయనకి తెలుస్తుంది. అతిథుల్ని ఆదరించడమంటారా, చెప్పకుండా పదిమందిని భోజనానికి తీసుకొచ్చినప్పుడు వండిందెవరు, చివర్లో ఆ మనిషికి కూర మిగిలిందా లేదా, అది వంటింటికి తెలుస్తుంది. బయటివాళ్ళంటే క్రైస్తవులు కానివాళ్ళు కూడా. పక్కింటి వాళ్ళని అడిగి మనం ఎప్పుడైనా ఒక పెద్దని ఎన్నుకున్నామా?

ఏలీ కథ మన పిల్లలకి సండే స్కూల్లో సగమే చెప్తాం. చిన్న సమూయేలు నిద్రలేచి పరుగెత్తడం వరకు చెప్పి ఆపేస్తాం. అసలు సంగతి దానికి ముందు అధ్యాయంలో ఉంది. ఏలీ కొడుకులు హొఫ్నీ, ఫీనెహాసు యాజకులు. జనం తెచ్చిన బలిమాంసం ఉడుకుతుంటేనే మూడు ముళ్ళ కొంకి గుచ్చి తమ వాటా లాక్కునేవారు. ఇవ్వనంటే బలవంతాన తీసుకుంటామనేవారు. గుడారం గుమ్మం దగ్గర సేవచేసే ఆడవాళ్ళతో తప్పుగా నడుచుకునేవారు. తండ్రికి ఇదంతా చేరింది. ముసలాయన మందలించాడు, అంతే. పదవిలోంచి తియ్యలేదు. దేవుడు ఆ మందలింపుని లెక్కలోకి తీసుకోలేదు, ఇల్లంతటికీ శిక్ష చెప్పాడు. ఇప్పుడు ఎక్కడైనా ఒకమ్మాయి ఫిర్యాదు చేస్తే పెద్దలు చేసే పని ఏమిటి? పిలిచి ప్రార్థన చేసి పంపేస్తారు. "సంఘం పరువు" అంటారు. ఏలీ కూడా అంతకంటే తక్కువేమీ చెయ్యలేదు.

ఇంక అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం. నన్నడిగితే ప్రతి కమిటీ మీటింగుకి ముందు అదే చదవాలి. యెరూషలేము సంఘంలో వచ్చిన మొదటి పెద్ద గొడవ సిద్ధాంతం గురించి కాదు, అన్నం గురించి. రోజూ పంచే భోజనంలో గ్రీకు మాట్లాడే విధవరాళ్ళని చిన్నచూపు చూస్తున్నారని సణుగుడు మొదలైంది. అపొస్తలులు "మేము యేసుతో తిరిగినవాళ్ళం, మమ్మల్నే అంటారా" అనలేదు. ఏడుగురిని మీరే ఎన్నుకోండి అన్నారు. ఆ ఏడుగురి పేర్లు చూడండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నికొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. అంటే ఎవరికి అన్యాయం జరిగిందో ఆ వైపువాళ్ళ చేతికే గరిటె ఇచ్చారన్నమాట. మన సంఘాల్లో కూర్చునేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళమే, క్రిస్మస్ భోజనాలకి ఉల్లిపాయలు తరిగేది మనమే. మరి కమిటీలో ఎంతమందిమి?

లెక్కల సంగతి కూడా చెప్పుకోవాలి. మన డ్వాక్రా గ్రూపుల్లో పెద్దగా చదువుకోనివాళ్ళు కూడా లీడర్లుగా చేస్తారు. నెల నెలా పొదుపు ఎంత, అప్పు ఎవరికి, కిస్తీ ఎవరు కట్టలేదు, అందరి ముందు పుస్తకం తెరిచి చదవాల్సిందే. ఎవరూ "నన్ను అనుమానిస్తారా" అని అలగరు. అలిగితే మనం ఊరుకోం కూడా! అదే మనం కానుక సంచీలో వేసిన డబ్బు గురించి నోరెత్తితే విశ్వాసం లేనిదానివంటారు. పౌలు ఏం చేశాడు? యెరూషలేము బీదల కోసం పోగైన చందా తీసుకెళ్ళేటప్పుడు తనొక్కడే వెళ్ళలేదు. సంఘాలు ఏర్పరచిన మనిషిని తోడు పెట్టుకున్నాడు. దేవుడి దృష్టిలోనే కాదు మనుషుల దృష్టిలో కూడా శుభ్రంగా ఉండాలని కారణం రాశాడు, కొరింథీయుల రెండో పత్రిక ఎనిమిదో అధ్యాయంలో ఉంది. సమూయేలు అయితే ముసలితనంలో జనాన్ని నిలబెట్టి, నేనెవరి ఎద్దు తీసుకున్నాను, ఎవరి దగ్గర లంచం తిన్నాను, చెప్పండి, తిరిగి ఇచ్చేస్తాను అన్నాడు. నెహెమ్యా పన్నెండేళ్ళు అధికారిగా ఉండి తన పదవికి రావాల్సిన భత్యం ముట్టలేదు, జనం మీద బరువు ఎక్కువగా ఉందని.

"అభిషిక్తుడి మీద మాట్లాడకూడదు" అని ఒక మాట మన నోరు మూయించడానికి తయారుగా ఉంటుంది. ఆ మాటన్నది దావీదు, సౌలుని చంపే అవకాశం చేతికొచ్చినప్పుడు. చంపనన్నాడు గానీ మాట్లాడననలేదు. వెంటనే గుహలోంచి బయటికొచ్చి, కోసిన అంగీ చెంగు చూపించి, నువ్వు నాకు చేసింది అన్యాయం అని సౌలు మొహం మీదే చెప్పాడు. తర్వాత తనే రాజై తప్పుచేస్తే నాతాను వచ్చి నిలదీశాడు. అభిషిక్తుణ్ణని దావీదు అడ్డం చెప్పలేదు.

ఇలాంటివాళ్ళు బైబిల్లోనే ఉంటారా అంటారేమో. మన తెలుగు నేల మీద డోర్నకల్ ఉంది. వేదనాయగం శామ్యూల్ అజరయ్య తిరునెల్వేలి వైపు నుంచి వచ్చిన తమిళుడు. 1909లో డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకుని ఊళ్ళు తిరిగాడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ అయ్యాడు. అంతకు రెండేళ్ళ ముందు ఎడిన్‌బరో మహాసభలో తెల్ల మిషనరీలకి, మీరు మాకెంతో త్యాగం చేశారు గానీ మమ్మల్ని స్నేహితులుగా చూడలేదని నిలబడి చెప్పినవాడు. ఆయన సంఘంలో ఎక్కువమంది మాల, మాదిగ పేటల వాళ్ళు. ఆ పేటల్లోనే పనిచేశాడు, 1945లో డోర్నకల్‌లోనే పోయాడు. ఆయన భార్య అన్బు ఆడవాళ్ళ మధ్య చేసిన పని గురించి మాత్రం మనవాళ్ళు పెద్దగా చెప్పుకోరు. ఎప్పుడూ ఉన్నదే అది.

ఆడవాళ్ళు మౌనంగా ఉండాలని పౌలు రాశాడు కదా అని వెంటనే ఎదురొస్తారు. రాశాడు. రోమీయులకు రాసినప్పుడు ఫీబేని కెంక్రేయ సంఘ పరిచారకురాలని, తనకే సహాయం చేసిందని మెచ్చుకున్నదీ ఆయనే. అపొల్లో అంతటి పండితుణ్ణి కూర్చోబెట్టి మార్గం విడమరిచి చెప్పినవాళ్ళలో ప్రిస్కిల్ల ఉంది. దెబోరా ఖర్జూరపు చెట్టు కింద కూర్చుని తీర్పు చెప్తే ఇశ్రాయేలంతా వెళ్ళింది. 1947లో ఏర్పడిన సి.ఎస్.ఐ.కి మొదటి మహిళా బిషప్ రావడానికి 2013 దాకా పట్టింది. ఆ వచ్చినావిడ మన తెలుగావిడే, అప్పుడు నంద్యాలకి బిషప్ అయిన పుష్పలలిత గారు. ఒక్క వాక్యం పట్టుకుని అరవై ఆరేళ్ళు ఆపగలిగినవాళ్ళు, తిమోతి పత్రికలోని "కొట్టేవాడు కాకూడదు" అన్న వాక్యాన్ని ఒక్క ఎన్నికలోనైనా పట్టుకున్నారా?

అయితే ఒక సంగతి. ఇంటిని అడగండి అన్నానని అమ్మగారిని సంఘం ముందు నిలబెట్టి అడగకండి. ఆవిడ సాయంత్రం ఆ ఇంటికే వెళ్ళాలి. మనం కళ్ళు తెరిచి చూస్తే చాలు. ఆయన వస్తే పిల్లలు దగ్గరికొస్తారా, లోపలికి పోతారా? ఆవిడ మాట్లాడుతుండగా ఆయన అడుగుపెడితే ఆ మాట పూర్తవుతుందా? వచ్చే కమిటీ ఎన్నికలకి ముందు స్త్రీల సమాజంలో ఈ అధ్యాయాలు చదవమని మా వాళ్ళని అడిగాను. కానుకల లెక్క మూడు నెలలకోసారి గోడకి అంటించాలని కూడా రాసిచ్చాం. పదకొండుమందిమి సంతకాలు పెట్టాం. జవాబు ఇంకా రాలేదు.