రీఇన్‌స్టాల్ చేసెయ్ అనకండి బాబూ!

మొన్న ఎమ్మిగనూరు నుంచి మా చిన్నాన్న కొడుకు ఫోన్. "లినక్స్ బూట్ అవట్లేదన్నా!" ఆదోనిలో వీఎంవేర్‌లో వాడుకున్న రాకీ లినక్స్ వీఎంని ఇంటికి తెచ్చి, డిస్కు ఇమేజ్ మార్చి కేవీఎంలో పెట్టాడట. డ్రాకట్ టైమవుట్, ఆపైన ఎమర్జెన్సీ షెల్. ఎవరో పెద్దమనిషి రీఇన్‌స్టాల్ చేసెయ్యమన్నాడు. మూణ్ణెల్ల ప్రాజెక్టు కోడ్ అందులోనే ఉంది, బ్యాకప్ లేదు!

నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. తాళం మారిందని పత్తి గోడౌను కూలగొడతారా? డిస్కుకి ఏమీ కాలేదు. ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌లో పాత మెషీన్‌కి కావలసిన డ్రైవర్లే ఉన్నాయి, వర్టియో డ్రైవర్ లేదు. అందుకే రూట్ డిస్కు కనపడలేదు, అంతే.

ముందు ఇమేజ్ కాపీ తీయించా. గ్రబ్ మెనూలో రెస్క్యూ ఎంట్రీ (అందులో డ్రైవర్లన్నీ ఉంటాయి లెండి) ఎంచుకుంటే బూటయింది. డ్రాకట్‌తో ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌లన్నీ మళ్ళీ తయారుచేయించా. రీబూట్... లాగిన్ ప్రాంప్ట్!

"ఆ సార్‌కి ఏం చెప్పాలన్నా?" అన్నాడు మావాడు.