గణాలు లెక్కపెట్టించింది చాలు, పద్యం కట్టించండి

పదో తరగతి పరీక్షకు తయారవుతున్న పిల్లవాణ్ని మత్తేభం లక్షణాలు అడగండి. స, భ, ర, న, మ, య, వ అని గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. యతి పద్నాలుగో అక్షరమంటాడు. పాదం ఇస్తే గురులఘువులు గుర్తించి, గణవిభజన చేసి, మార్కులు తెచ్చుకుంటాడు. సొంతంగా ఒక్క పాదం రాయమంటే మాత్రం తెల్లమొహం వేస్తాడు. అందులో వాడి తప్పేమీ లేదు. అలాంటి పని ఒకటుందని బడిలో వాడికెవరూ చెప్పలేదు.

మన తరగతి గదిలో కవిత్వం రెండు ముక్కలైంది. కంఠస్థం చేసి, ప్రతిపదార్థమూ భావమూ రాయాల్సిన పద్యం ఒకవైపు. వ్యాకరణం కింద వచ్చే ఛందస్సు మరోవైపు. ఈ రెంటినీ కలిపేది రాయడమొక్కటే. అది లేక వేమన పద్యం నీతివాక్యమై కూర్చుంది, ఛందస్సు ఎక్కాల పట్టికైంది. గణాలను గుర్తుపట్టించే బదులు వాటితో పద్యం కట్టిస్తే, పిల్లలకు రాయడంతోపాటు చదవడమూ వస్తుంది.

మొదలుపెట్టాల్సింది ఆటవెలదితో. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. ప్రాస నియమం లేదు. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి కుదిరితే చాలు. సూర్యగణాలు రెండే: మూడు లఘువులు, లేదా గురువు పక్కన లఘువు. లఘువుకు చిటిక, గురువుకు చప్పట అనుకుంటే ఆరో తరగతి పిల్లలకు పది నిమిషాల్లో పట్టుబడుతుంది. వాన, కాకి, చెట్టు, మేక, పలక, చిలుక, అరటి... పిల్లల నోట్లో రోజూ నలిగే మాటలు సగం సూర్యగణాలే. మామిడి, గోరింట, అమ్మమ్మ, తాతయ్య ఇంద్రగణాలు. ఈ సంగతి తెలిసిన పిల్లలు దారిలో కనిపించే బోర్డులన్నిటికీ చప్పట్లు చరుస్తారు. ఛందస్సు చెవికెక్కేది అలాగే.

తర్వాత టీచరు రెండు పాదాలు అందించాలి. నా మటుకు నేను ఇలా మొదలుపెడతాను:

చిలుక వాలె జామ చిరుకొమ్మ చివరలో
పండు కొరికి సగము పారవేసె

రెండో పాదం చివరి మాటను చెరిపేసి పూరించమనండి. చాలామందికి తట్టేది ‘పడేసింది’. అర్థం సరిపోయింది, యతీ సరిపోయింది. చప్పట వేసి చూస్తే మాత్రం నడక తప్పుతుంది. ‘పారవేసె’ కుదురుతుంది. ‘పక్కనేసె’ కూడా కుదురుతుంది. మరి ఈ రెండింట్లో ఏది మేలు? పారవేసిన చిలుకకు పొగరెక్కువా, పక్కనేసిన చిలుక మళ్లీ వస్తుందా? పిల్లలు ఈ వాదనలోకి దిగారంటే కవిత్వం చదువుతున్నట్టే. ఏ గైడులోని ‘భావమూ’ వాళ్లనింత దూరం తీసుకురాలేదు. మిగిలిన సగం పండు ఎవరికి దక్కిందో మూడో పాదంలో వాళ్లే చెప్పాలి. చీమ, ఉడుత, కాకి, పాప – ఏది వచ్చినా సూర్యగణమే.

ఇక నాలుగో పాదం సంగతి శతకకర్తలు ఎప్పుడో తేల్చేశారు. మకుటం పెట్టుకుంటే పద్యంలో పావు వంతు ముందే సిద్ధమవుతుంది. తరగతి అంతా కలిసి ఒక మకుటం కట్టుకుని, తలా మూడు పాదాలు రాస్తే నెల తిరిగేసరికి బడికో శతకం తయారవుతుంది. అవధానాల్లో, ఆకాశవాణిలో పెద్దలు ఆడిన సమస్యాపూరణం కూడా ఇలాంటి ఆటే. ఇచ్చిన ముక్క చుట్టూ మిగతాది అల్లడం.

ఆటవెలది దగ్గరే ఆగిపోకూడదు. ఏ రూపం ఏ పనికి పనికొస్తుందో తెలియడమే అసలు చదువు. కథ చెప్పాలంటే ద్విపద ఉంది. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమంతా అందులోనే నడిపాడు. పాడుకోవడానికి గురజాడ 1910లో తెచ్చిన ముత్యాల సరం ఉంది. మూడు, నాలుగు మాత్రల నడక దానిది. ఒక్క చూపును పట్టుకోవాలంటే ఎన్.గోపి 1997లో మొదలుపెట్టిన నానీ ఉంది. నాలుగు పాదాలు, 20 నుంచి 25 అక్షరాలు. ఒకే వానను ద్విపదలోనూ నానీలోనూ రాయిస్తే దేనిలో ఏది మిగిలిందో, ఏది జారిపోయిందో పిల్లలే చెబుతారు. ప్రాస కావాల్సిన కందం ఆ తర్వాత. అక్షరం అక్షరం లెక్క చూసుకునే వృత్తాలు చివరికి. బడిలో ఇప్పుడు పేరుమోసినవి ఆ చివరివే.

ఛందస్సు సంకెళ్లు ఇప్పుడెందుకు, వచన కవిత రాయిస్తే చాలదా అనేవారున్నారు. వచన కవిత రాయించాల్సిందే. కానీ అది సులువని ఎవరన్నారు? పాదం ఎక్కడ విరగాలో ఏ నియమమూ చెప్పదు, చెవి చెప్పాలి. ఆ చెవి తయారుకాని పిల్లలు వాక్యాన్ని నాలుగు ముక్కలు చేసి కవిత అంటారు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికో, సెప్టెంబరు 9న తెలంగాణ భాషా దినోత్సవానికో బడి గోడలకెక్కే కవితలు చూడండి. చాలావరకు చివర ప్రాస కుదిర్చిన నినాదాలే. గేయానికీ వచనానికీ తెలుగు కవితను మళ్లించిన శ్రీశ్రీ కూడా సిరిసిరిమువ్వ మకుటంతో సరదాగా కందాలు రాశారు. పద్యం అగ్రవర్ణాల సొత్తన్న మాటకు 1941లోనే జాషువా ‘గబ్బిలం’తో జవాబిచ్చారు. పనిముట్టు ఎవరి చేతికందితే వాళ్లదే.

టీచర్లకే పద్యం రాయడం రాదన్న అభ్యంతరంలో నిజముంది. అయితే దీనికి కవులే కానక్కర్లేదు. చప్పట తప్పితే పట్టుకోగల చెవి చాలు. శిక్షణలో నాలుగు రోజులు ఆ చెవికి కేటాయిస్తే సరిపోతుంది.

మారాల్సింది ముఖ్యంగా ప్రశ్నపత్రం. అందులో లేనిదేదీ మన బళ్లలో నిలవదు. ‘గణవిభజన చేసి పద్యం పేరు రాయండి’ అన్నచోట ‘రెండు పాదాలు ఇచ్చాం, మూడోది రాయండి’ అని అడగాలి. లేదా ఒక సన్నివేశం ఇచ్చి, ఏ రూపంలో రాస్తారో, ఎందుకో నాలుగు వాక్యాల్లో చెప్పమనాలి. యతి తప్పినా ఊహ బాగుంటే సగం మార్కులివ్వాలి. ఇలాంటి ప్రశ్నకు సరైన జవాబు ఒక్కటే ఉండదు కనుక దిద్దేవాళ్లకు శ్రమ పెరుగుతుంది. గైడు అచ్చువేసేవాళ్లకు మాత్రం పని ఉండదు.