అడిగాడా, లేదా? థాయ్ డ్రామాల మీద చూసేవాళ్ల షికాయత్

థాయ్‌లాండ్ నుంచి వచ్చే 'బాయ్స్ లవ్' డ్రామాలు, అంటే ఇద్దరు అబ్బాయిల మధ్య మొహబ్బత్‌ను చెప్పే సీరియళ్లు, ఇప్పుడు మన ఇళ్లలోని ఫోన్లలోకి కూడా వచ్చేశాయి. చాలావరకు యూట్యూబ్‌లో ఉచితంగా, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో దొరుకుతాయి. కాలేజీ పిల్లలు చూస్తారు, చూసినట్టు ఇంట్లో చెప్పరు. పెద్దలకు తెలిసిన రోజు హంగామా. ఆ హంగామాలో ఒకే సవాల్ ఉంటుంది: ఇవి చూడొచ్చా, చూడకూడదా? మజ్హబ్ పరంగా ఎవరి రాయ్ ఏమిటో అందరికీ తెలిసిందే. ఆ బహస్ నేనిక్కడ పెట్టుకోవడం లేదు.

నేను చెప్పదలచుకున్నది వేరే. ఈ డ్రామాలను ఏళ్ల తరబడి చూస్తున్నవాళ్లు వాటి కిర్దార్ల మీద, కహానీ నడిపే తీరు మీద బోలెడు షికాయత్‌లు చేస్తున్నారు. వాటిలో చాలావాటిని జమ చేసి చూస్తే ఒక సవాల్ దగ్గరికి వస్తాయి: ఎదుటి మనిషి మర్జీ అడిగారా, లేదా? ఈ సవాల్ మన ఇళ్లలో పిల్లలతో కూర్చుని మాట్లాడుకోదగ్గది.

ముందు కొంచెం తారీఖ్. థాయ్ జనం వీటిని 'వై సిరీస్' అంటారు. జపాన్‌లో ఇలాంటి కథలకున్న 'యావోయ్' అనే పేరును ఇంగ్లిష్‌లో రాస్తే వచ్చే మొదటి అక్షరమే ఆ 'వై'. థాయ్ రచయితలు, వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, నెట్‌లో నవలలు రాశారు. టీవీ కంపెనీలు వాటిని డ్రామాలుగా తీశాయి. 2014లో 'లవ్ సిక్', 2016లో 'సోటస్' దారి వేశాయి. 2020లో కరోనా లాక్‌డౌన్ రోజుల్లో 'టుగెదర్' దేశాలు దాటి మషూర్ అయింది.

'సోటస్' కథ ఇంజనీరింగ్ కాలేజీలో నడుస్తుంది. సీనియర్ల పెత్తనం, క్రమశిక్షణ, సంప్రదాయం, ఐక్యత, స్ఫూర్తి అనే అర్థం వచ్చే ఐదు ఇంగ్లిష్ మాటల మొదటి అక్షరాలే ఆ పేరు. అక్కడి యూనివర్సిటీల్లో జూనియర్లను 'తీర్చిదిద్దే' పద్ధతికి నిజంగానే ఆ పేరుంది. మన భాషలో చెప్పాలంటే ర్యాగింగ్. మన దగ్గర ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే దాని మీద నిషేధ చట్టం వచ్చింది, కాబట్టి దాని తక్లీఫ్ ఏమిటో మనకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. ఈ డ్రామాలో మూడో ఏడాది చదివే ఆర్థిత్ జూనియర్లను హడలగొట్టే పెద్ద సీనియర్. మొదటి ఏడాది కుర్రాడు కాంగ్‌పాబ్ అతనికి ఎదురు తిరుగుతాడు. ర్యాగింగ్‌ను అందంగా చూపించారని కొందరి ఎతరాజ్. జూనియర్ నిలబడి ప్రశ్నించాడు కదా అని మరికొందరి జవాబ్. నాకు రెండో మాటలో కొంత నిజం కనిపిస్తుంది. కాంగ్‌పాబ్ గొంతెత్తకపోతే ఆ కథే లేదు.

అదే కాంగ్‌పాబ్ మొదట్లోనే ఒక మాటంటాడు. సీనియర్లు జూనియర్లకు ఇచ్చే గేర్ గుర్తు కోసం పంతం నడుస్తుంటే, 'నిన్ను నా బీవీని చేసుకుంటే నీది నాదవుతుంది' అని ఆర్థిత్‌తో అందరి ముందూ అంటాడు. మజాక్‌గా అన్నమాటే. చూసినవాళ్లు నవ్వారు, నవ్వినవాళ్లలోనే కొందరు తర్వాత ఆలోచించారు. ఒక మగవాడిని చిన్నబుచ్చడానికి 'బీవీ' అనే మాట ఎందుకు పనికొచ్చింది? ఈ డ్రామాల్లో చాలావాటిలో ఇద్దరిలో ఒకడు 'భర్త', ఇంకొకడు 'భార్య'. భార్య అయినవాడు సిగ్గుపడాలి, అలగాలి, చివరికి లొంగాలి. అమ్మాయి లేని కథలో కూడా బీవీ దర్జా కిందే ఉంచారన్నమాట. చూసేవాళ్లలో ఎక్కువమంది అమ్మాయిలు కాబట్టి ఈ షికాయత్ వాళ్ల దగ్గర్నుంచే గట్టిగా వచ్చింది. ఇది వందశాతం వాజిబ్ అని నా రాయ్. మన ఇళ్లలో కూడా మగపిల్లాడు ఏడిస్తే 'ఆడపిల్లలా ఏడుస్తావేంట్రా' అంటాం. అక్కడే కూర్చున్న ఆడపిల్ల ఆ మాట వింటూనే ఉంటుంది.

అన్నిటికంటే పెద్ద గొడవ 2019లో వచ్చిన 'థార్న్‌టైప్' మీద జరిగింది. థార్న్, టైప్ ఇద్దరూ యూనివర్సిటీలో ఒకే గదిలో ఉండాల్సి వస్తుంది. అబ్బాయిలను ఇష్టపడే అబ్బాయిలంటే టైప్‌కు నఫ్రత్. చిన్నతనంలో ఒక మగవాడు అతని మీద లైంగిక దాడి చేశాడు, ఆ గాయం అలా మిగిలింది. థార్న్‌ను గదిలోంచి పంపించేయాలని టైప్ నానా యాగీ చేస్తాడు. టైప్ తాగి ఒళ్లు తెలియకుండా ఉన్న సమయంలో థార్న్ హద్దు దాటతాడు. ఆ తర్వాత కొన్ని ఎపిసోడ్లకు ఇద్దరూ ఆషిఖ్‌లైపోతారు.

నటన బాగుంది, ఇద్దరి మధ్యా ఈడూజోడూ కుదిరింది అని ఒక వర్గం. చిన్నప్పుడు జబర్దస్తీకి గురైనవాడి మీద మళ్లీ హద్దు మీరితే దాన్ని మొహబ్బత్‌కు షురూఆత్ అని ఎలా చూపిస్తారు అని ఇంకో వర్గం. 'ఇది ఊహాకథ, ఇందులో సబక్ వెతక్కండి' అనేది మొదటి వర్గం దలీల్. ఆ దలీల్‌కు కొంత వజన్ ఉంది. కథలో చెడ్డ పని చేసే మనిషి ఉండకూడదంటే కథలే ఉండవు. కానీ ఎతరాజ్ ఆ పని మీద మాత్రమే అయితే ఇంత గొడవ ఉండేది కాదు. కహానీ దానికి హిసాబ్ అడగలేదు. టైప్ నఫ్రత్‌కు వెనక కారణం చూపించి, అతను మారేదాకా నిలదీసిన కథ, థార్న్ చేసినదాని దగ్గరికి వచ్చేసరికి ఖామోష్ అయిపోయింది. సంగీతం పెట్టి, లైటు మెత్తగా వేసి ముందుకు జరిగింది. చూసేవాళ్ల కోపం అందుకు.

ఇది థాయ్‌వాళ్ల జబ్బు మాత్రమే అనుకోకండి. అమ్మాయి వద్దన్నా వెంటపడి, కాలేజీ గేటు దగ్గర కాపు కాసి, చివరికి ఒప్పించే హీరోను తెలుగు సినిమాల్లో దశాబ్దాలుగా చూస్తున్నాం. పూరా ఖాందాన్ కూర్చుని, పిల్లలను పక్కన పెట్టుకుని చూశాం. అప్పుడు మనకు ఎలాంటి హంగామా గుర్తుకు రాలేదు. థాయ్ డ్రామా చూసే పద్దెనిమిదేళ్ల అమ్మాయి 'వాడు అడగలేదు కదా' అని రాస్తోందంటే, మనం అడగని సవాల్ ఆమె అడుగుతోంది.

'టుగెదర్' మీద వచ్చిన షికాయత్‌లు ఇంకో రకం. గ్రీన్ అనే అబ్బాయి తన వెంటపడుతున్నాడని, అతన్ని వదిలించుకోవడానికి టైన్ కాలేజీలో అందరూ మెచ్చే సరావత్‌ను ఉత్తుత్తి ప్రేమికుడిగా ఉండమంటాడు. ఆ నాటకం నిజమవుతుంది. చివరి ఎపిసోడ్లలో సరావత్ పాత పరిచయం, పామ్ అనే అమ్మాయిని తెచ్చి అపార్థం పుట్టించారు. ఒక్క మాట అడిగితే తీరిపోయేదాన్ని ఎపిసోడ్ల కొద్దీ సాగదీశారని చాలామందికి విసుగొచ్చింది. నాకు మాత్రం గ్రీన్ కిర్దార్ దగ్గర ఎక్కువ అఫ్సోస్ కలిగింది. తన మనసేమిటో దాచకుండా తిరిగే ఒకే ఒక్క అబ్బాయిని మజాక్ చేశారు. హీరోలు మాత్రం గంభీరంగా ఉంటారు. 'నేను అలాంటివాడిని కాదు, నాకు నువ్వొక్కడివే ఇష్టం' అనే మాట ఇలాంటి డ్రామాల్లో ఎన్నిసార్లు వినిపించిందో లెక్కలేదు. ఇద్దరు మగవాళ్లో, ఇద్దరు ఆడవాళ్లో పెళ్లి చేసుకునే చట్టం థాయ్‌లాండ్‌లో 2025 జనవరి 23న అమల్లోకి వచ్చింది. అలాంటి దేశపు కథల్లో కూడా ఆ మనుషులను నవ్వులాటకు వాడుకోవడం ఇన్సాఫ్ కాదు.

ఈ షికాయత్‌లకు అసర్ లేకుండా పోలేదు. 2021 చివర్లో మొదలైన 'బ్యాడ్ బడ్డీ'లో ప్యాట్, ప్రాన్ పక్కపక్క ఇళ్ల పిల్లలు. రెండు ఖాందాన్‌ల మధ్య దుష్మనీ. పిల్లలు ప్రతిదాంట్లో పోటీ పడాలని పెద్దల హుకుం. ఇంక్ అనే అమ్మాయి వచ్చినప్పుడు, మామూలుగా ఇద్దరి మధ్య చిచ్చు పెట్టే ఆడది ఈమేనని చూసేవాళ్లు అనుకున్నారు. ఆ పాత దస్తూర్‌ను కథ పక్కన పెట్టి, ఆమెకు తనదైన మనసూ దారీ ఇచ్చింది. 2020లో వచ్చిన 'ఐ టోల్డ్ సన్‌సెట్ అబౌట్ యూ'లో కూడా అంతే. ఫుకెట్‌లో జరిగే ఈ ఐదు ఎపిసోడ్ల కథలో తార్న్ అనే అమ్మాయి మనసు విరుగుతుంది. ఆమెను దుష్టురాలిని చేయకుండా, ఆమె బాధను బాధగానే చూపించారు.

'బ్యాడ్ బడ్డీ' ముగింపు మీద మాత్రం ఇప్పటికీ రెండు వర్గాలు. చదువుకునే రోజుల్లో ప్యాట్ తండ్రి ప్రాన్ తల్లికి చేసిన ద్రోహం ఆ దుష్మనీకి మూలమని చివర్లో తెలుస్తుంది. తెలిసినా పెద్దలు పూర్తిగా కరగరు. పిల్లలిద్దరూ విడిపోయినట్టు ఇంట్లో నటిస్తూ ఏళ్ల తరబడి కలిసే ఉంటారు. పెద్దల ముందు నిలబడి చెప్పలేదేమని కొందరు అసంతృప్తి పడ్డారు. నిజం జిందగీలో జరిగేది ఇదేనని కొందరు మెచ్చుకున్నారు. నేను మెచ్చుకున్నవాళ్ల వైపు. అడిగితే వినే ఇల్లు కాకపోతే పిల్లలు ఝూట్ నేర్చుకుంటారు. చదువు విషయంలో, నౌకరీ విషయంలో, రిష్తా విషయంలో మన ఇళ్లలో పిల్లలు ఎన్ని దాస్తారో అమ్మీలకు తెలుసు. అబ్బాలకు చివర్లో తెలుస్తుంది.

తల్లిదండ్రులు ఒక్కసారి చూడదగ్గ కిర్దార్ 2023లో వచ్చిన 'మూన్‌లైట్ చికెన్'లో ఉంది. పట్టాయాలో చికెన్ రైస్ దుకాణం నడిపే జిమ్, అతని దగ్గర పెరిగే మేనల్లుడు లీ మింగ్ కథ ఇది. లీ మింగ్‌కు హార్ట్ అనే అబ్బాయి పరిచయమవుతాడు. హార్ట్‌కు వినిపించదు. డబ్బున్న ఇల్లు, ప్రేమ ఉన్న అమ్మానాన్నలు, కానీ వాళ్లు కొడుకు చేతి సైగల భాష నేర్చుకోలేదు. బయటికి పంపితే ఏమవుతుందోనన్న భయంతో ఇంట్లోనే ఉంచుతారు. ఎక్కడినుంచో వచ్చిన లీ మింగ్ ఆ భాష నేర్చుకుంటాడు. ఈ భాగాన్ని చూసేవాళ్లు బాగా మెచ్చుకున్నారు. కొడుక్కి అన్నీ అమర్చిన ఆ అమ్మానాన్నలు వాడికేం కావాలో అడిగే భాష మాత్రం నేర్చుకోలేదు.

ఇంతదాకా చూసేవాళ్లను మెచ్చుకున్నాను. వాళ్ల కసూర్ కూడా చెప్పాలి. థాయ్‌లో 'కూ జిన్' అని ఒక మాట ఉంది. 'కూ' అంటే జంట, 'జిన్' అనేది ఇంగ్లిష్ 'ఇమాజిన్'ను కురచ చేసిన ముక్క. తెర మీది జంటను బయట కూడా జంటగా ఊహించుకోవడం అన్నమాట. కంపెనీలు దీన్ని తిజారత్ చేసుకున్నాయి. ఒకే ఇద్దరిని డ్రామా తర్వాత డ్రామాలో జతచేస్తాయి, స్టేజీల మీద చేతులు పట్టుకోమంటాయి. నటుడికి బయట ఒక అమ్మాయితో దోస్తీ ఉందని తెలిస్తే ఆమె మీద తిట్ల వాన. కథలో థార్న్ మర్జీ అడగలేదని కోపగించిన నోరే, ఆ నటుల మర్జీ అడగకుండా వాళ్ల జిందగీకి ఫైసలా రాస్తుంది. ఇక్కడ ఇన్సాఫ్ ఎక్కడుంది?

మన నికాహ్‌లో అమ్మాయి రజామందీ అడగడం షర్త్. వకీల్, గవాలు వెళ్లి అడుగుతారు, 'ఖుబూల్' అనిపించుకుని వస్తారు. ఎంత మంచి దస్తూర్! కానీ కార్డులు పంచి, వలీమాకు హాలు మాట్లాడి, బంధువులంతా దిగాక అడిగే ఆ సవాల్‌కు అమ్మాయి 'కాదు' అనగలదా? ఆమె ఖామోషీని సిగ్గు అనుకుని నవ్వుకునే ఇళ్లు మన మొహల్లాల్లో లేవా? రజామందీ అడగాల్సింది రిష్తా వచ్చిన రోజున, 'కాదు' అంటే ఎవరూ కోప్పడని మాహోల్‌లో.

అందుకే అమ్మీలకు, అబ్బాలకు నా గుజారిష్ ఇది. పిల్ల ఫోన్‌లో ఏ దేశపు ప్రేమకథ చూసినా సరే, కొరియాదైనా, టర్కీదైనా, థాయ్‌దైనా, తెలుగుదైనా, ఫోన్ లాక్కోవడానికి ముందు ఒక మాట అడగండి: 'ఆ కథలో వాడు అడిగాడా బేటీ? అడిగితే వాళ్లు ఏమన్నారు?' ఆమె జవాబ్ పూర్తయ్యేదాకా మధ్యలో మాట్లాడకండి. రేపు ఇంటికి రిష్తా వచ్చినప్పుడు మీరు ఆమెను అడగబోయేదీ అదే సవాల్ కాబట్టి, జవాబ్ చెప్పే అలవాటు ఆమెకూ, వినే అలవాటు మీకూ ఇప్పటినుంచే పడాలి.