శీతల ప్లాస్మా: మందూ మోతాదులోనే ఉంది

‘ప్లాస్మా’ అనగానే మీలో చాలామందికి 2020లో కోవిడ్ రోగులకు ఎక్కించిన రక్తద్రవం గుర్తుకు రావచ్చు. ఈ వ్యాసం దాని గురించి కాదు. ఘన, ద్రవ, వాయు స్థితుల తరువాత పదార్థానికి నాలుగవ స్థితి ఒకటున్నది. విద్యుచ్ఛక్తి ప్రభావంతో వాయువులోని పరమాణువుల నుండి ఎలక్ట్రాన్లు విడివడినప్పుడు ఆ స్థితి ఏర్పడుతుంది. దానిని కూడా ప్లాస్మా అనే పిలుస్తారు. ఆకాశంలోని మెరుపు అటువంటిదే. మెరుపు కాల్చివేస్తుంది. మానని పుండ్లకు వైద్యులు వాడే శీతల ప్లాస్మా మాత్రం సుమారు 40 డిగ్రీల సెల్సియస్ లోపే ఉంటుంది కనుక చర్మాన్ని కాల్చదు. కాల్చదు గనుక హాని చేయదని అనుకోవడం మాత్రం పొరపాటు.

ఈ చికిత్సలో పనిచేసేది వేడి కాదు, రసాయనం. ప్లాస్మా గాలిని తాకినప్పుడు ఓజోన్, నైట్రిక్ ఆక్సైడ్, హైడ్రాక్సిల్ రాడికల్ వంటి చురుకైన పదార్థాలు పుడతాయి. ఇవి పుండుపై ఉన్న ప్రోటీన్లతో చర్య జరుపుతాయి. ముఖ్యంగా గంధకం కలిగిన సిస్టీన్, మిథియోనిన్ అనే అమైనో ఆమ్లాలు త్వరగా ఆక్సీకరణం చెందుతాయి. ప్రోటీన్ పని దాని ఆకృతిపై ఆధారపడి ఉంటుంది. వంగిన తాళంచెవితో తాళం తెరుచుకోనట్లే, ఆకృతి చెడిన ఎంజైము తన పని చేయలేదు. సూక్ష్మక్రిములు నశించడానికి గల కారణాలలో ఇది ఒకటి.

అయితే ఆ రసాయనానికి క్రిమి ప్రోటీన్ ఏది, మన ప్రోటీన్ ఏది అన్న విచక్షణ లేదు. మనలను కాపాడేది మన కణాలలోని రక్షణ వ్యవస్థ. కీప్1 అనే ప్రోటీన్ సాధారణ వేళల్లో ఎన్‌ఆర్‌ఎఫ్2 అనే మరో ప్రోటీన్‌ను అదుపులో ఉంచుతుంది. కీప్1లోని సిస్టీన్లు ఆక్సీకరణం చెందగానే ఆ పట్టు సడలుతుంది. అప్పుడు ఎన్‌ఆర్‌ఎఫ్2 కేంద్రకంలోకి చేరి, కణాన్ని కాపాడే జన్యువులను మేల్కొలుపుతుంది. స్వల్ప మోతాదు ఈ విధంగా మేలు చేయగలదు. మోతాదు మించితే అదే కణం మరణిస్తుంది. క్యాన్సర్ పరిశోధకులు ఈ రెండవ గుణాన్నే పరిశీలిస్తున్నారు.

మరొక విషయం గమనించండి. హైడ్రాక్సిల్ రాడికల్ ఆయుష్షు సెకనులో పదిలక్షవ వంతు కూడా ఉండదు. కనుక ఈ చికిత్స ప్రత్యక్ష ప్రభావం ప్రధానంగా పైపొరలకే పరిమితం. ఇది శరీరమంతటినీ శుద్ధి చేస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇక ఆధారాల సంగతి. మధుమేహుల పాదపుండ్లపై జర్మనీలో జరిగిన ఒక పోలిక అధ్యయనం 2020లో వెలువడింది. అందులో మామూలు చికిత్సకు శీతల ప్లాస్మాను జోడించినప్పుడు పుండు త్వరగా చిన్నదయింది. కాని ఇన్ఫెక్షన్ తగ్గుదలలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. ఫలితం ఆశాజనకమే. అయినా ఇది తోడుగా నిలిచే చికిత్స మాత్రమే, ప్రధాన చికిత్సకు ప్రత్యామ్నాయం కాదన్నది నా దృఢాభిప్రాయం.

మధుమేహుల ఇళ్లు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి. పాదంపై పుండును నిర్లక్ష్యం చేస్తే కాలినే కోల్పోవలసి రావచ్చు. కొత్త యంత్రం కోసం ఎదురుచూస్తూ ఒక్క రోజు కూడా వృథా చేయకండి. రక్తంలో చక్కెర అదుపు, కాలికి రక్తప్రసరణ పరీక్ష, చచ్చిన కండను తొలగించడం, పుండుపై బరువు పడకుండా చూడడం, అవసరమైతే యాంటీబయాటిక్స్ – వీటి తరువాతనే ఏదైనా.

ఎవరైనా ప్లాస్మా చికిత్స సూచిస్తే మూడు ప్రశ్నలు అడగండి. ఈ పరికరానికి పుండ్ల చికిత్స కోసం అనుమతి ఉన్నదా? చదరపు సెంటీమీటరుకు ఎన్ని సెకన్లు, ఎన్నిసార్లు ఇస్తారు? నా కాలికి రక్తం సరిగా అందుతున్నదో లేదో చూశారా? వీటికి స్పష్టమైన సమాధానం రాని చోట డబ్బు కట్టకండి. ఈ రాత్రి పడుకునే ముందు మాత్రం మీ పాదాలను ఒకసారి వెలుతురులో పరీక్షించుకోండి. దానికి ఖర్చేమీ లేదు.