పది తప్పినా వెల్డింగు నేర్వవచ్చు

పదో తరగతి తప్పితే ఐ.టి.ఐ.లో చోటు దొరకదని చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో ఇంకా అనుకుంటున్నారు. ఫిట్టరు, ఎలక్ట్రీషియను కోర్సులకు పది పాసు కావలసిందే. అవి రెండేళ్లు. వెల్డరుకు 8వ తరగతి చాలు, వయస్సు 14 నిండాలి, శిక్షణ ఒక సంవత్సరం. పది తప్పినవాడు ఎనిమిది పాసైనవాడే కదా!

ఇది తెలియక రోడ్డు పక్క షెడ్లలో చేరి, నల్లద్దం లేకుండా ఆర్కు వెలుగు చూసి, రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్లు అల్లాడే కుర్రవాళ్లున్నారు. ఐ.టి.ఐ.లో మొదట నేర్పేది ఆ జాగ్రత్తలే. ఆపైన గ్యాసు, ఆర్కు వెల్డింగు, ఇనుము కోత. అఖిల భారత పరీక్ష నెగ్గితే జాతీయ ట్రేడు సర్టిఫికెట్టు వస్తుంది. షెడ్డులో పదేళ్లు చేసినా ఆ కాగితం దానంతట అది చేతికి రాదు.

దరఖాస్తు ఇప్పుడు ఆన్‌లైనులో. పది ఫలితాలు వచ్చిన వారంలోపే ఈ అర్హతలను ప్రతి పంచాయతీ ఆఫీసు గోడపైన అధికారులు అంటించాలి.