చెరువుకి గప్పీల దానం వద్దు

అక్టోబరు వానలు పట్టుకుంటే సూళ్లూరుపేట చుట్టుపక్కల గుంటల్లో నీళ్లు, నీళ్ల మీద దోమలు, ఆ వెనకే ఒక ఉచిత సలహా: "నాలుగు గప్పీలు వదిలెయ్, దోమల సంగతి అవే చూసుకుంటాయి." అక్వేరియంలో పిల్లలు ఎక్కువైపోయినవాళ్లకి ఈ మాట భలే కలిసొస్తుంది. చేపల బెడదా తీరుతుంది, ఊరికి మేలు చేసిన పుణ్యమూ దక్కుతుంది. ఆ పుణ్యం లెక్కే తప్పంటాను.

గప్పీ దోమ లార్వాని తింటుంది, కాదనను. సిమెంటు తొట్టిలో వేస్తే తేడా కనబడుతుంది. కానీ డెంగీ దోమ గుడ్లు పెట్టేది చెరువులో కాదు. పూలకుండీ కింది పళ్లెం, పాత టైరు, కొబ్బరి చిప్ప, కూలరు అడుగు నీళ్లు దానికి చాలు. చిప్పలో గప్పీని పెంచలేం కదా! అక్కడ పనిచేసేది వారానికోసారి నీళ్లు ఒంపేసే ఫ్రైడే-డ్రైడేనే.

"చెరువులో వేస్తే నష్టమేంటి?" అంటారు. గప్పీ గుడ్లు పెట్టదు, సుమారు నాలుగు వారాలకోసారి పిల్లల్నే కంటుంది. ఒకసారి మగదానితో కలిసిన ఆడచేప ఆ వీర్యాన్ని దాచుకుని, మళ్లీ మగది లేకపోయినా నెలల తరబడి కంటూనే ఉంటుంది. చెరువు నిండడానికి జత అక్కర్లేదు, చూలు చేప ఒక్కటి చాలు.

"మేం మగవే వదిలాం" అనేవాళ్లూ ఉన్నారు. ఎలా తెలిసిందంటే, రంగు చూశామంటారు. పుట్టినప్పుడు పిల్లలన్నీ బూడిద రంగువే, మగవాటికీ రంగు తేలేది తర్వాతే. తోక మీద రంగున్న ఆడ రకాలూ అంగళ్లలో దొరుకుతాయి. చూడాల్సింది పొట్ట వెనక, కిందివైపు ఉండే రెక్క. ఆడదానికి అది ముక్కోణంగా విచ్చుకుని, దాని పైన పొట్టలో నల్లటి మచ్చ ఉంటుంది. మగదానికి ఆ రెక్కే సన్నగా మొనదేలుతుంది. పిల్లలకి నెల తిరిగేలోపు, గాజు తొట్టి పక్కన దీపం పెట్టి ఓపికగా చూసి వేరు చెయ్యాలి. అప్పటికి తెలియకపోతే అనుమానమున్నదాన్ని ఆడ కిందే లెక్కెయ్యాలి.

చెరువు పొంగితే ఆ నీళ్లు చేరేది సూళ్లూరుపేట పక్కన పారే కాళంగి నదికి, ఆ నది పోయి కలిసేది పులికాట్ ఉప్పునీటి సరస్సులో. "ఉప్పు తగిలితే చచ్చిపోతాయిలే" అనుకోకండి, గప్పీ ఉప్పదనాన్ని బాగానే ఓర్చుకుంటుంది. అసలది ట్రినిడాడ్, వెనిజులా ప్రాంతాల చేప. ఇక్కడి చిన్న చేపల గుడ్లూ పిల్లలూ దానికి మేతే. నుదుటి మీద వెండి చుక్కతో నీటి పైనే తిరిగే మన చిన్న చేప ఎప్పట్నుంచో లార్వాలు తింటూనే ఉంది. దాని మేతకీ ఇది పోటీ.

"ప్రభుత్వమే వదులుతోంది కదా" అన్నది చివరి వాదన. ప్రభుత్వం ఎక్కువగా వదిలేది గప్పీకి దగ్గరి చుట్టం గాంబూజియాని. 1928లో మన దేశానికి తెచ్చిన ఆ చేప ఈనాడు ప్రపంచంలోని 100 అతి చెడ్డ చొరబాటు జీవుల జాబితాలో ఉంది. పెద్దలు చేశారన్నది తప్పుకి సాక్ష్యమే గానీ సమర్థన కాదు.

దోమల కోసమే అయితే తొట్టిలో మగ గప్పీలు చాలు. లార్వాల్ని అవీ తింటాయి, వాన నీటికి తొట్టి పొంగి ఒకటి కాలవలో పడినా సంతతి పెరగదు. ఆడవి పెంచాలని మనసుంటే పిల్లల్ని వేరు చేసే ఓపికా ఉండాలి, మిగిలినవి అంగడికో తోటి పెంపకందారుకో ఇవ్వాలి. ఆ ఓపిక లేనివాళ్లు ఆడచేపని కొనకపోవడమే ఊరికి చేసే అసలు సేవ.