నూనె మీద నింద

ఆడలేక మద్దెల ఓడన్నట్లు అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఇక్కడ అమెరికాలో, మా ఊరి బౌలింగ్ కేంద్రంలో గత నెల ఔత్సాహికులకు ఒక పోటీ జరిగింది. అది ముగిసిన మరునాటి నుండి మా జట్టువారి నోట అదే సామెత, మద్దెలకు బదులు నూనెను చేర్చుకొని, వినబడుతూ ఉన్నది. "ఆ నూనె మీద దేవుడు కూడా ఆడలేడు బావా" అని మొదలుపెట్టిన మా జట్టు నాయకుడు చివరకు నిర్వాహకులకు ఒక విజ్ఞాపన పత్రమే తయారుచేశాడు. వచ్చే ఏడాది ఈ కఠినమైన నూనె పూతను మాని, వారం వారం మేము ఆడుకునే మామూలు పూతనే వేయాలన్నది దాని సారాంశం. మా నలుగురు తెలుగువాళ్ళలో ముగ్గురు సంతకం చేశారు. నేను చేయలేదు. ఎందుకు చేయలేదో చెప్పడానికే ఈ టపా.

బౌలింగ్ వైపు ఎన్నడూ తొంగిచూడని మిత్రుల కోసం ముందుగా రెండు ముక్కలు. కాలు దాటకూడని గీత నుండి మొదటి పిన్ను వరకు దారి పొడవు 60 అడుగులు. వెడల్పు 39 పలకలు, అంటే సుమారు మూడున్నర అడుగులు. ఈ దారిలో మొదటి 40 అడుగుల మేర కంటికి సరిగా ఆనని పలుచని నూనె పూత ఉంటుంది. కొయ్య పలకలు అరిగిపోకుండా ఒకప్పుడు పూసిన నూనె, కృత్రిమ పలకలు వచ్చిన తరువాత కూడా ఆటలో భాగంగా నిలిచిపోయింది. క్యారమ్స్ బల్ల మీద పౌడరు చల్లి ఆడినవారికి సంగతి సులువుగానే అర్థమౌతుంది. నూనె ఉన్నచోట బంతి జారిపోతుంది. లేనిచోట పట్టు దొరికి మలుపు తిరుగుతుంది.

కిటుకంతా ఆ నూనెను ఎక్కడ ఎంత పూశారన్నదానిలో ఉన్నది. మామూలు పూతలో మధ్య పలకల మీద నూనె దండిగా, అంచుల మీద అతి తక్కువగా ఉంటుంది. ఈ తేడా పదింతలు ఉండడం కూడా సాధారణమే. కుడిచేతి ఆటగాడు గురి తప్పి బంతిని కుడికి విసిరితే, పొడి అంచు దానిని పట్టుకొని వెనక్కు తిప్పి పంపుతుంది. ఎడమకు విసిరితే, మధ్యనున్న నూనె దానిని ఎక్కువ తిరగనీయక తిన్నగా నడిపిస్తుంది. అటు తప్పినా ఇటు తప్పినా బంతి చేరేది దాదాపు ఒకేచోటికి. స్పోర్ట్ పూత అనబడే కఠినమైన పూతలో ఈ తేడా మూడింతలకు మించదు. అక్కడ కుడికి తప్పిన బంతి కుడికే పోతుంది, ఎడమకు తప్పినది ఎడమకే పోతుంది. ఇంతకంటే ఘోరమేమీ అందులో లేదు. మన తప్పును మనకే మిగులుస్తుంది, అంతే.

ఇక నా సంగతి. మామూలు పూత మీద నా సగటు 184. పోటీలో ఆరు ఆటలకు నా సగటు 146. అవమానం కాలేదని బుకాయించను. ఆ రాత్రి ఇంటికి వచ్చి నేనూ నూనెనే తిట్టాను. మరునాడు స్కోరు కాగితం ముందు పెట్టుకొని కూర్చున్నాను. ఆరు ఆటల్లో 60 ఫ్రేములు. వాటిలో 22 ఫ్రేములను, స్ట్రైకుగాని స్పేరుగాని లేకుండా, ఖాళీగా వదిలేశాను. ఆ 22లో పిన్నులు విడిపోయి నిలబడి చేయి చాలనివి 5 మాత్రమే. 11 సార్లు నిలబడినది ఒకే ఒక్క పిన్ను! ఒంటి పిన్నును కొట్టడానికి మలుపు అక్కరలేదు. గట్టి ప్లాస్టిక్ బంతితో తిన్నగా కొడితే నూనె ఎక్కడున్నా దానికి పెద్దగా పట్టింపు ఉండదు. ఆ 11 పడివుంటే ఆటకు సుమారు 16 పిన్నులు అదనంగా వచ్చేవి. వాటిని నూనె నా దగ్గరనుండి లాక్కోలేదు. నేనే పారవేసుకున్నాను.

మరొక లెక్క కూడా చెబుతాను. ఒక ఆటలో ఒక్క స్ట్రైకు కూడా పడలేదనుకుందాం. ప్రతిసారి మొదటి బంతికి తొమ్మిది పిన్నులు, రెండవదానికి మిగిలిన ఒక్కటి పడ్డాయనుకుందాం. చివరి అదనపు బంతికీ తొమ్మిదే. అప్పుడు వచ్చే స్కోరు 190. అంటే నా గొప్ప సగటు కంటే ఆరు ఎక్కువ! తొమ్మిది ప్రతిసారీ పడవు, నిజమే. కాని స్ట్రైకులు లేకపోతే ఆటే లేదని విజ్ఞాపన పత్రంలో వ్రాసినవారు ఈ లెక్కను ఒక్కసారి వేసుకోవాలి.

"సులువు చేయకపోతే జనం ఆటే మానేస్తారు" అన్నది మా నాయకుని అసలు వాదన. ఆ వాదనకు చరిత్రలో జవాబు ఉన్నది. అమెరికన్ బౌలింగ్ కాంగ్రెస్ గుర్తించిన 300 స్కోరు ఆటలు 1968-69లో సుమారు 900. 1998-99 నాటికి అవి 34 వేలు దాటాయి. కొత్తరకం రెజిన్ బంతులదీ మెత్తని నూనె పూతలదీ ఇందులో పెద్ద పాత్ర. మరి జనం పెరిగారా? 1980 తరువాత లీగుల సభ్యత్వం ఏటికేడు తరుగుతూ వచ్చింది. దానికి కారణాలు అనేకం కావచ్చు. కాని స్కోర్లు పెంచితే మనుషులు నిలుస్తారన్న మాట మాత్రం నిలబడలేదు.

మరొక ఉదంతం. 1982 జులై 1న కాలిఫోర్నియాలోని లా హాబ్రాలో గ్లెన్ ఆలిసన్ అనే ఆటగాడు ఒక లీగు ఆటలో వరుసగా 36 స్ట్రైకులు కొట్టి, మూడు ఆటలకు 900 సాధించాడు. అంతకు మించిన స్కోరు ఈ ఆటలో లేదు. కాని కాంగ్రెస్ దానిని ఒప్పుకోలేదు. దారులపై నూనె నిబంధనల ప్రకారం లేదన్నది కారణం. గుర్తింపు పొందిన మొదటి 900 కోసం 1997లో జెరెమీ సోనెన్‌ఫెల్డ్ అనే విద్యార్థి వచ్చేదాకా ఆగవలసి వచ్చింది. ఆలిసన్‌కు అన్యాయం జరిగిందనే వారు నేటికీ ఉన్నారు, నాకూ ఆయనపై జాలి ఉన్నది. నూనె పూసినది ఆయన కాదు కదా! కాని నాకు తోచినది ఇది. అంతటివాని 36 బంతులకే నూనె సాక్ష్యం అడిగినప్పుడు, నా 184కు సాక్ష్యం ఎవరు?

నిర్వాహకులు కడిగిన ముత్యాలని నేను అనడం లేదు. పూత వివరాల కాగితాన్ని ముందుగా ప్రకటించలేదు. ఎంత పొడవున, ఏ పలకపై ఎంత నూనె ఉన్నదో వారం ముందే గోడకు అంటించి ఉండవలసింది. అలాగే 220కి, ఆటగాని సగటుకు గల తేడాలో 90 శాతం అదనంగా కలిపారు. మెత్తని పూతపై 184 తెచ్చుకున్న నాకు దక్కినవి 32 పిన్నులు. కఠినమైన పూతపై ఏడాదంతా శ్రమించి 160 తెచ్చుకున్నవానికి దక్కినవి 54. ఈ రెండు రకాల సగటులను సరిపోల్చే పట్టికలు ఉన్నాయి, వాటిని వాడలేదు. విజ్ఞాపన పత్రం ఈ రెండింటి మీద వ్రాసివుంటే మొదటి సంతకం నాదే. మావాళ్ళు అడిగినది న్యాయం కాదు, మెత్తదనం.

"మనం ఔత్సాహికులం, సరదాకు ఆడుతున్నాం" అంటారా? ఏడాదిలో మిగిలిన వారాలన్నీ సరదావే. వాటి జోలికి నేను రావడం లేదు. ఒక్కరోజు, ఒక్క పోటీలో మనమెంతటివాళ్ళమో తెలుసుకునే అవకాశాన్ని కూడా ఎందుకు చెరిపివేసుకోవాలన్నదే నా ప్రశ్న. అవధానం చేస్తానని వేదిక ఎక్కి, నిషిద్ధాక్షరి మాత్రం తీసివేయండని పృచ్ఛకులను బతిమాలుకునే అవధానిని మనం ఏమంటాం? అతడు పద్యాలు చెప్పలేడని అనం. అవధానం చేశాడని మాత్రం అనం.

మా నాయకునికి ఈ మాటలన్నీ ఎదురుగానే చెప్పాను. "నీకేం బావా, నీతులు చెబుతావు, నువ్వూ 146 కొట్టినవాడివే కదా" అన్నాడు. నిజమే. ఆ 146 కొట్టినవాడిని కాబట్టే చెబుతున్నాను. 184 అన్నది నాకూ నూనెకూ ఉమ్మడి ఆస్తి. 146 మాత్రం పూర్తిగా నా స్వార్జితం. వచ్చే ఏడాది అదే పూత ఉంటే, దానిని 160 చేయాలన్నది నా కోరిక. ఇప్పటినుండి ప్రతి గురువారం లీగు ముగిసిన తరువాత ఒక అరగంట ఒంటి పిన్నులనే కొడుతున్నాను.

ఎంత నూనె రాసుకొని పొర్లినా అంటేదే అంటుతుందని కూడా మన పెద్దలే అన్నారు.